సున్నా వచ్చిన చోట

"ఆ నోట్‌బుక్కు పక్కన పెట్టు. నేను చెబుతాను," అంది పిన్ని.

"అమ్మ రాసింది చాలు పిన్నీ," అంది అమ్మాయి తల ఎత్తకుండా.

ఎల్లుండి లెక్కల పరీక్ష. బల్ల దగ్గర రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో అమ్మాయి, రెండోదాంట్లో పుస్తకాల సంచి. రెండో భార్యగా ఈ ఇంటికి వచ్చిన ఎనిమిది నెలల్లో ఆ సంచి కుర్చీ దిగడం పిన్ని చూడలేదు. పదకొండేళ్ళుగా ఊళ్ళో పిల్లలందరికీ కలనగణితం చెబుతున్న మనిషి, ఇంట్లో మాత్రం గోడకు ఆనుకుని నిలబడాలి.

"సరే, రెండో అవకలజం, అదే సెకండ్ డెరివేటివ్, ఏం చెబుతుందో చెప్పు చూద్దాం."

"గీత ఎటు వంగుతోందో చెబుతుంది. ప్లస్ వస్తే వెల్లకిలా పెట్టిన గిన్నె, మైనస్ వస్తే బోర్లించిన గిన్నె. అమ్మ బొమ్మలు కూడా వేసింది." అమ్మాయి పేజీ తిప్పింది. "మొదటిది సరిగ్గా కట్టకపోతే రెండోది ఎలాగూ తప్పుతుందని కూడా రాసింది."

పిన్ని ముఖం మాడిపోయింది. లెక్క గురించే అన్నదని తెలుసు. అయినా గుచ్చుకుంది.

"ఒకసారి చూపించవే. పిన్ని కూడా లెక్కల టీచరేగా," అన్నాడు తండ్రి పక్క గదిలోంచి.

"ట్యూషన్ మాస్టారికి చూపించాను నాన్నా. చేతిరాత బాగుందని ఇచ్చేశారు. నువ్వయితే అట్ట మీద పేరు చూసి మూసేస్తావు." అమ్మాయి నోట్‌బుక్కు పిన్ని వైపు జరిపింది. "తీసుకోండి. సాయంత్రానికల్లా ఇచ్చేయాలి."

పిన్ని వంటింటి గడపలో కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చదివింది. ఒక్క కొట్టివేత లేదు. ప్రతి మెట్టుకీ పక్కన చిన్న అక్షరాలతో కారణం. ఇంత విడమరిచి తను ఏ తరగతిలోనూ చెప్పలేదు. పేజీ తిప్పుతున్నకొద్దీ ఒళ్ళు మండింది. పోయిన మనిషి మీద ఈ కుళ్ళేమిటని ఒకసారి అనుకుంది. అనుకుని మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది.

నలభయ్యో పేజీలో దొరికింది. x నాలుగో ఘాతం. రెండో అవకలజం, సున్నా దగ్గర సున్నా. "కాబట్టి ఇక్కడ వంపు మారుతుంది" అని రాసి, కింద గీత కూడా గీసింది మహాతల్లి.

పిన్ని కడుపు చల్లబడింది.

"ఇదుగో, మీ అమ్మ తప్పు రాసింది." అనుకున్నదానికన్నా గట్టిగానే వచ్చింది గొంతు. "సున్నా వస్తే వంపు మారినట్టు కాదు. ఏమీ తేలలేదని అర్థం. అటూ ఇటూ చూసి అప్పుడు చెప్పాలి. మైనస్ ఒకటి దగ్గర కట్టు."

అమ్మాయి కట్టింది. "పన్నెండు."

"ప్లస్ ఒకటి దగ్గర?"

"పన్నెండే."

"రెండు పక్కలా ప్లస్సే. మరి వంపు మారిందా?"

"లేదు. వెల్లకిలా గిన్నె అలాగే ఉంది."

అమ్మాయి పెన్ను కింద పెట్టి, అమ్మ గీసిన గీతని వేలితో తడిమింది. పరీక్ష రెండు రోజుల్లో పెట్టుకున్న పిల్లతో అలా అనాల్సింది కాదని పిన్నికి అప్పుడు తోచింది.

"పోనీలే. ఒంట్లో బాగాలేనప్పుడు రాసి ఉంటుంది," అంది మెల్లగా.

"నేను మూడుసార్లు వెతికాను పిన్నీ. నాకు దొరకలేదు."

"ఏం దొరకలేదు?"

అమ్మాయి లేచి కుర్చీ మీది సంచి తీసి కింద పెట్టింది. తర్వాత నోట్‌బుక్కు అట్ట విప్పి, లోపలున్న మడత కాగితం పిన్ని చేతికిచ్చింది. అదే చేతిరాత.

"తల్లీ, ఈ పుస్తకంలో ఒక తప్పు కావాలనే పెట్టాను. దాన్ని పట్టుకునేదాకా చదివేది నా మీద కుళ్ళుకునే మనిషే అయ్యుంటుంది. ఫర్వాలేదు, లెక్కలు వచ్చిన మనిషేగా, నా కుర్చీ ఆవిడకివ్వు."