అద్దం మీది తువ్వాలు

వంగిన డ్రోన్ రెక్కలు సరిచేసే నూకరాజు, ఆలస్యంగా వచ్చినవాళ్ళ మీద రోజూ ఎగిరేవాడు: “వంగిన్నాడే తేవాల గానీ, ఇన్నాళ్ళు దాసి తెస్తారేటి?”

అలాంటివాడు నాలుగు నెలలుగా తన స్నానాలగది అద్దం మీద తువ్వాలు కప్పుతున్నాడు. అప్పటికి అనకాపల్లిలో ప్రతి ఇంటి అద్దమూ వైద్యుడే. తన పురుషాంగం వంగుతోందనీ, నొప్పి పుడుతోందనీ అద్దానికి తెలియనివ్వలేదు; భార్య పైడమ్మకూ చెప్పలేక దూరంగా పడుకుంటున్నాడు.

ఆ ఉదయం పైడమ్మ తువ్వాలు తీసి ఉతికేసింది; అది చూసుకోకుండా నూకరాజు స్నానానికి బట్టలు విప్పాడు.

“లోపల మచ్చ గట్టిపడింది నూకరాజు గారూ, అందుకే ఆ వంపు,” అంది అద్దం మెల్లగా. “క్యాన్సర్ కాదు, అంటుకునేదీ కాదు. నొప్పి ఉందంటే వంపు ఇంకా పెరగొచ్చు. డాక్టరును కలవండి. సూదిమందులున్నాయి, సాగదీసే పరికరముంది, అవి చాలకపోతే ఆపరేషనుంది.”

“మా ఇంటిదానికి సెప్పేత్తావేటి?”

“అది మీరే చెప్పాలి.”

నూకరాజు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, అట్లు పోస్తున్న పైడమ్మకు అంతా చెప్పేశాడు.

“నామీద మనసు ఇరిగిపోనాదనుకున్నాను మావా,” అంటూ ఆమె కళ్ళు తుడుచుకుంది. తరవాత పొయ్యి కట్టేసి, తన నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“వంగిన్నాడే తేవాల గానీ, ఇన్నాళ్ళు దాసి తెస్తారేటి? సొక్కా తొడుక్కో, నానూ వత్తాను.”