బ్యానర్‌లో చేపలామె

సోగత్తూరులో విమల్ వీడియోలు ఎడిట్ చేసుకునే గదిలోకి చొరబడి, మాదేష్ అతని తలను గోడకేసి కొట్టాడు.

"నా పెండ్లాం ఫోటో నీ ఛానెల్ బ్యానర్‌లో ఎవర్ని అడిగి పెట్టినావురా?"

విమల్ నోట్లోంచి నెత్తురు కారింది. "ఊరికే ఎత్తుకోలేదన్నా. ఫోటో తీసినాయన దగ్గర అనుమతి తీసుకున్నాను."

"దాన్ని అడిగినావా?"

"లేదన్నా, తప్పే. ఇప్పుడే తీసేస్తాను."

కింద పడ్డ ఫోన్ అందుకోబోతుంటే మాదేష్ చెప్పుకాలితో ఆ చేతిని తొక్కిపట్టాడు.

"తీయొద్దు. అది చేపలు వేయించే అంగడి యాడుందో చెప్పు. మూడేండ్లుగా ఎతుకుతా ఉండాను."

హొగేనక్కల్ జలపాతం దగ్గర అనబోయి విమల్ ఆగిపోయాడు. బ్యానర్ అందంగా ఉండాలని ఆమె మెడ మీద తాను చెరిపేసిన కత్తిగాటు గుర్తొచ్చింది.

"తెలీదన్నా," అన్నాడు. "కొట్టేదుంటే కొట్టు."