జాఫ్నా ముడి

“శాంతిసేన అంటిరే, శాంతి యాడబ్బా? కాలొకటి ఆడ పెట్టి వచ్చినావు!” అరుగెక్కుతూనే మొదలుపెట్టాడు పక్కింటి ఓబయ్య.

“శాంతి దొరకలేదు మామా. ఇంట్లో ఉండే ప్రశాంతి చాల్లే అని వచ్చేసినాను,” అన్నాడు బాలాజీ. లోపల కాఫీ కలుపుతున్న అతని భార్య ప్రశాంతి నవ్వలేదు.

1990 వేసవి. మన పటాలంతో వెళ్లిన శ్రీలంకలోని జాఫ్నా నుంచి మదరాసు ఆసుపత్రికి, అక్కణ్ణించి రేణిగుంట స్టేషనుకు, చివరికి వడమాలపేటకు కుడికాలు లేకుండా వచ్చి పది రోజులైంది. అడిగిన ప్రతివాడికీ ఒక జోకు తయారు. లోపల మాత్రం ఒకటే మంట.

“ఇంతకీ కొట్టింది ఎవురప్పా? సింహళమోళ్లా?”

“వాళ్లయితే ఇంత బాధ లేదు మామా. మేము ఎవుర్ని కాపాడేదానికి పోయినామో, ఆ తమిళ పిలకాయలే! మొదట దండలేసినారు, తర్వాత దండెత్తినారు.”

“వాళ్లకు బాంబులు పెట్టేది ఎవురు నేర్పించినారంట?”

“ఇంకెవురు, మనోళ్లే! ఐదారేండ్ల కిందట ఉత్తరాది కొండల్లో క్యాంపులు పెట్టి, కూడు పెట్టి మరీ నేర్పించినారంట. మా మేజరే చెప్పినాడు. ఆ దేశం చెవి మన చేతిలో ఉండాలంట. చెవి చిక్కలేదు, నా కాలు పోయింది.”

గోడకానుకుని కూర్చున్న బాలాజీ తండ్రి రామచంద్ర నేలకేసి చూస్తున్నాడు. పటాలంలోనే హవల్దారుగా రిటైరై నాలుగేళ్లయింది ఆయనకు. కొడుకు వచ్చినప్పటి నుంచి ఒక్క ప్రశ్నా వేయలేదు, మొహం చూసి మాట్లాడలేదు. బిడ్డను ఇట్లా చూడలేకే అనుకున్నాడు బాలాజీ.

జేబులోంచి మూరెడు నైలాన్ తాడు తీశాడు. మధ్యలో బిగిసిన ముడి.

“రెండు తాటిచెట్ల నడుమ బాంబుకు ఇట్లాంటిదే కట్టినారు. నా కాలు తగిలింది. పక్కన ఇంకోటి పేలకుండా ఉంటే, బాంబులు తీసేవాళ్లు కోసి నాకిచ్చినారు.”

ఓబయ్య తాడందుకుని గోళ్లతో ముడి విప్పబోయాడు. లాగేకొద్దీ ముడి బిగుసుకుంది.

“పటాలమంతా చూసినారులే మామా. ఆ పిలకాయలకూ, వాళ్లకు నేర్పించినోడికీ తప్ప ఎవురికీ విప్పేది రాదంట.” బాలాజీ తాడును తీసుకుని తండ్రి చేతిలో పడేశాడు. “వాడి మొహం ఒక్కసారి చూడాల నాయనా. అంతే.”

రామచంద్ర తలెత్తి, పది రోజుల్లో మొదటిసారి, కొడుకు కళ్లలోకి సూటిగా చూశాడు. చూపు తిప్పకుండానే ఆయన బొటనవేలు తాడు మీద ఒకసారి కదిలింది.

ముడి విడిపోయింది.