నలభై మీటర్ల నల్ల వైరు

"వైరు నల్లగానే ఉండాలి బాబూ. గోడ మీద పాకించినా కనపడకూడదు," అంది జ్ఞానమ్మ, తెనాలిలో మా కరెంటు సామాన్ల కొట్టు మెట్లెక్కుతూనే.

బీటెక్ ఎలక్ట్రికల్ పట్టభద్రుణ్ణి గనక నేరం వెంటనే పసిగట్టాను. కరెంటు దొంగతనం!

"ఎంత పొడవండీ?"

"నలభై మీటర్లు. వానలో తడిసినా, రోజంతా మిషను నడిచినా ఏం కాకూడదు."

"ఏ ఊరండీ మీది?"

"రేపల్లె. అక్కడ కొంటే ఊరంతా తెలిసిపోద్ది."

లోపల మూడు తీగలుండే లావుపాటి నల్ల వైరు తీశాను గానీ చేతికివ్వలేదు. "ఏ స్తంభానికి తగిలిస్తారు పిన్నిగారూ? చెబితేనే అమ్ముతాను," అన్నాను న్యాయమూర్తిలా.

"స్తంభమేంటి? మా ఇంటి ప్లగ్గుకే. పక్కింట్లో మా తోడికోడలు ఆక్సిజన్ మిషను మీదుంది. పొద్దున వాళ్ళ మీటరు కాలిపోయింది. సిలిండరు సాయంత్రం దాకానే వస్తదంట."

"మరి దాపరికం దేనికండీ?"

"గోడ తగువై ఆరేళ్ళుగా మాటల్లేవు. నా కరెంటని తెలిస్తే ముక్కులో గొట్టం పీకేస్తది."

నలభై మీటర్లు కొలిచి ఒక కొసకి ప్లగ్గు, రెండో కొసకి బాక్సు బిగించాను.

"ఆవిడ అడిగితేనో?"

"కరెంటాఫీసువాళ్ళు వేశారని మా మరిది, అదే ఆవిడ మొగుడు, చెబుతాడు. పాపం, వాడికి అబద్ధాలు రావు. పొద్దుటే మా వంటింట్లో నిలబడి నాలుగుసార్లు అప్పజెప్పాడు."