వెలగని ఎర్ర చుక్క

తెరమీద ఎర్ర చుక్క వెలిగిందంటే డాక్టరమ్మ కొంప మునిగినట్టే.

మెదడులో కోరిక పుట్టే చోట వెలుగుతుంది ఆ చుక్క. ధ్యానంతో సిగరెట్ మీద తృష్ణ చల్లారుతుందని, ఆ సంగతి మెదడులోనే చూపిస్తానని మూడేళ్ల క్రితం పంతం పట్టిందావిడ. ఎనిమిది వారాలు ధ్యానం నేర్పించి, పదకొండు మందిని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, సిగరెట్ బొమ్మలు చూపించింది. పదకొండు మెదళ్లూ భగ్గుమన్నాయి. ఇక పన్నెండోవాడే ఆఖరు. ఈయన కూడా వెలిగితే రేపు ల్యాబుకు తాళం, ఆవిడ ఇంటికి.

ఆ పన్నెండో ఆసామి రోజుకు రెండు పెట్టెలు ఊదిపారేస్తూ ముప్పై ఏళ్లు బస్సు తోలిన రిటైర్డ్ డ్రైవరు.

"లోహం అన్నది లోపలికి రాకూడదు," అంది డాక్టరమ్మ. ఉంగరం, గడియారం, కళ్లద్దాలు, బెల్టు, తాళాలు అన్నీ ట్రేలో పెట్టించింది. చొక్కాకున్న పిన్నీసును కూడా వదల్లేదు.

ధ్యానం నేర్పిన గురువుగారు డ్రైవరు భుజం తట్టాడు. "కోరికను తరమకు, పిలవకు. వస్తే చూడు, పోతే చూడు. అంతే."

"అలాగే స్వామీ."

యంత్రం డబడబలాడింది. మొదటి బొమ్మ, అప్పుడే అంటించిన సిగరెట్. చుక్క లేదు. రెండో బొమ్మలో సిగరెట్, పక్కనే వేడి కాఫీ. లేదు! నలభై బొమ్మలయినా మెదడు కుండలో నీళ్లలా చల్లగా ఉంది.

"చూశారా, తృష్ణ సమూలంగా పోయింది!" అన్నాడు గురువుగారు. అన్నీ త్యజించిన ఆ మహానుభావుడు, "పేపర్లో నా ఫోటో కూడా వేస్తారుగా?" అని మాత్రం అడిగాడు.

డాక్టరమ్మకు వినిపిస్తేగా! దేశదేశాల శాస్త్రవేత్తలకు మెయిల్ కొట్టేసి, ఎవరు మెచ్చుకున్నారా అని నిమిషానికి నాలుగుసార్లు ఫోన్ చూసుకుంటోంది. ఆ క్షణాన ఆవిణ్ణే యంత్రంలో పడుకోబెడితే తెర మొత్తం ఎర్రబడేది.

డ్రైవరు బయటికి రాగానే రెండు చేతులూ పట్టుకుంది. "బాబాయ్, నా కొంప నిలబెట్టారు!"

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ట్రేలోంచి తన సామాన్లు ఒక్కొక్కటే తీసి తగిలించుకున్నాడు. తెరమీద ఆఖరి సిగరెట్ బొమ్మ ఇంకా అలాగే ఉంది. దాన్ని చూసి గుటక వేసి, ఖాళీ జేబు తడుముకున్నాడు.

"లోపల చూపించింది ఇదేనా తల్లీ, అద్దాలు తీయించేశారుగా, నాకంతా తెల్లటి మసకే కనపడింది!"