కుడిపాదం

"మా ఆవిడ పోరు పడలేక వచ్చాను మేడమ్. నాకేం పిచ్చి లేదు. డ్యూటీకి పనికొస్తానని ఒక్క ముక్క రాసివ్వండి, పోతాను," అన్నాడు బస్సు డ్రైవరు.

"రాయడం తర్వాత చూద్దాం. ఆ రోజు ఏం జరిగింది?" అడిగింది కౌన్సెలర్.

"ఎవరో ముసలాయన ఉన్నట్టుండి బస్సుకి అడ్డమొచ్చి చనిపోయాడు. నా తప్పు లేదని పోలీసులే తేల్చారు. నేనూ మర్చిపోయాను."

"మరి ఇందాకట్నుంచీ నేలని ఎందుకు తొక్కుతున్నారు?"

అతను కిందికి చూసుకున్నాడు. కుడిపాదం బ్రేకు తొక్కినట్టు నేలని గట్టిగా అదిమిపట్టి ఉంది. తీయబోతే కాలు మాట వినలేదు.

"ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి," అన్నాడు గొంతు తగ్గించి.

"నేను చెప్పడానికి కాదు, వినడానికి కూర్చున్నాను. బస్సు ఆగిందా?"

"ఆగింది."

ఆమె అతని పాదం వైపు చూసింది.

"ఆయన్ని దాటాక ఆగింది మేడమ్. ఈ మాట ఇంట్లో కూడా అనలేదు."

పాదం మెల్లగా వదులైంది. అప్పుడు మొదలైంది వణుకు.