కాకులు లేని ఊరు

శత్రువుల డ్రోన్లు ఊరి మీద గస్తీ తిరగడం మొదలయ్యాక కాకులన్నీ ఎటో వెళ్లిపోయాయి. వాళ్ల శిబిరంలో బందీగా ఉండి చనిపోయిన కొడుక్కి పెద్దకర్మ నాడు పిండం పెట్టి, వరహాలమ్మ పొద్దుటి నుంచీ డాబా మీద ఆకాశం చూస్తూ కూర్చుంది. కాకి ముట్టందే ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు.

మిట్టమధ్యాహ్నం ఒక డ్రోన్ కిందికి దిగింది. కొత్తగా ఏది కనబడినా తనిఖీ చేయడం దాని పని. సన్నటి ముక్కుతో పిండంలోంచి నాలుగు మెతుకులు తీసుకుని పైకి లేచింది.

"ఛీ, మైల చేసేసింది! మళ్లీ వండాలి వదినా," అన్నాడు మరిది పైడయ్య.

అది కనుమరుగయ్యేదాకా వరహాలమ్మ చూసింది.

"వద్దు పైడయ్యా. ఆడు పోయింది ఆళ్ల కాడే గదా. ఆడి కాకీ ఆళ్ల కాడే ఉంటది. లెగండి, పిల్లలకి అన్నాలెట్టండి."